కామాటిపుర గడప మీద చుక్కల సొర

పోశవ్వ నా ఫోటోల్లోంచి రెండు ఏరి, ఒకటి గడపకు ఎడమ పక్కన, ఇంకొకటి కుడి పక్కన పెట్టింది. రెండడుగులు వెనక్కి జరిగి, తల వంచి చూసి, "గివి రెండూ జోడి" అంది. వరండాలో కూర్చున్న ఆడవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు పూర్తికాకముందే మళ్ళీ ఫోటోల వైపు చూశాను. ఆ రెండు ఫోటోలు జోడి కావడానికి వీల్లేదు. అవి జోడి అయితే మూడేళ్ళ మా లెక్క తప్పు. ఆ లెక్కనే మర్నాడు పదకొండు గంటలకు పెద్దమనుషుల ముందు నేను చదవాలి.

అది బొంబాయిలో నా రెండో రోజు మధ్యాహ్నం. ఆ గడప దాకా ఎలా వెళ్ళానో ముందునుంచి చెబుతాను. పిల్లలు నిద్రపోయాక రాస్తున్నాను కాబట్టి ఎక్కడైనా వరస తప్పితే మన్నించాలి.

బయల్దేరక ముందు

విశాఖపట్నంలో ఒక కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో నేను సహాయకురాలిని. మా మేడంతో కలిసి మూడు సీజన్లుగా చుక్కల సొరలను ఫోటో తీస్తున్నాను. సొర అనగానే అందరికీ పళ్ళు గుర్తొస్తాయి. ఇది అలాంటిది కాదు. సిటీ బస్సంత పొడుగుండి, నోరు బార్లా తెరుచుకుని నీళ్ళలోని నలుసుల్ని వడగట్టుకు తినే సాధువైన చేప. ఒంటి నిండా తెల్ల చుక్కలు. ఏ రెండు చేపల చుక్కలూ ఒకేలా ఉండవు. చేపల పడవల్లో వెళ్ళి, అది పైకి తేలినప్పుడు మొప్పల వెనక భాగాన్ని ఫోటో తీస్తాం. మరో ఏడు అదే చేప కనబడితే చుక్కలను బట్టి పోల్చుకోవచ్చు. కనబడినవాటిలో పాతవెన్ని, కొత్తవెన్ని అన్నదాన్ని బట్టి సముద్రంలో మొత్తం ఎన్నున్నాయో అంచనా కట్టొచ్చు. చేపను చంపనక్కర్లేదు, ముట్టుకోనక్కర్లేదు. పడవలో నాకు వాంతులవుతాయి, అంతే.

మా చిక్కల్లా ఒకటే. మూడు సీజన్లలో ఒక్క పాత చేప కూడా తగల్లేదు. తీసిన ప్రతి ఫోటో కొత్త చేపదే.

ఇంతలో ఆ చేప కాలేయం నుంచి నూనె తీసే వ్యాపారి ఒకాయన మా తీరంలో వేట పడవలకు ప్రభుత్వ సాయం కావాలని అర్జీ పెట్టుకున్నాడు. చేపలు లెక్కలేనన్ని ఉంటే ఇవ్వవచ్చు, కొద్దిగా ఉంటే కూడదు. అది తేల్చడానికి బొంబాయిలో సమావేశం. మేడం సరిగ్గా ఆ వారమే మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. ఫోటోలు, నెగటివ్‌లు, నాలుగు పేజీల నివేదిక నా చేతికొచ్చాయి. నివేదికలో ఉన్నది నిజాయితీగా రాసిన మాటే: పాత చేప ఒక్కటీ కనబడలేదు. దాని అర్థం వ్యాపారికి బాగా తెలుసు. ఎప్పుడు చూసినా కొత్తవే వస్తుంటే లెక్కలేనన్ని ఉన్నట్టే కదా.

మా రవికి ఆరేళ్ళు. ఎనభై మూడులో తీసిన మొట్టమొదటి ఫోటో, ఒకటో నంబరు, వాడికి ప్రాణం. ఆ చేపకు మొప్పల వెనక మూడు చుక్కలు, వాటి కింద కొడవలిలా వంగిన వరస. ప్రతి సీజన్లోనూ నేను పడవ దిగి ఇంటికి రాగానే "మన చేప మళ్ళీ వచ్చిందా?" అని అడుగుతాడు. రాలేదంటే, "ఎవరైనా చంపేశారా?" అంటాడు. బయల్దేరే రోజున కూడా అడిగాడు. మూడేళ్ళ చిట్టి మాత్రం నా కొంగు పట్టుకుని, "నువ్వు మళ్ళీ వస్తావా?" అంది. వాళ్ళిద్దరినీ మా అత్తగారికి అప్పగించి, రైలు కదిలేదాకా కిటికీ ఊచలు వదల్లేదు.

దాదర్‌లో ఒక చెప్పు

మావారిది పాలమూరు. ఆయన మేనత్త నర్సమ్మ పెళ్ళయినప్పటినుంచీ కామాటిపురలో ఉంటోంది. దిగేది అక్కడే అని చెప్పేసరికి రైల్లో ఎదుటి సీటు పెద్దాయన ముఖం మారిపోయింది. "ఇంకెక్కడా చుట్టాలు లేరా అమ్మా?" అన్నాడు. ఆయన భార్య నాకివ్వబోయిన పులిహోర పొట్లాన్ని ఒక్క క్షణం ఆపి, తర్వాత ఇచ్చింది. ఒళ్ళమ్ముకునే ఆడవాళ్ళ పేట అని ఊరూరా దానికున్న పేరు నాకూ తెలుసు. పొట్లం విప్పకుండా సంచీలో పెట్టుకున్నాను.

దాదర్‌లో లోకల్ రైలు ఎక్కాలి. ఎక్కడం అనడం తప్పు, నన్ను ఎక్కించారు. వెనకున్న ఆడవాళ్ళు ఒక్క తోపు తోస్తే నేనూ, నా సంచీ, నా కుడి చెప్పూ లోపల పడ్డాం. ఎడమ చెప్పు పట్టాల మీద మిగిలిపోయింది. ఖాళీ చేపల గంపతో కింద కూర్చున్న ఒకావిడ నన్ను పైనుంచి కిందికి చూసి, తన గంప కాస్త జరిపి చోటిచ్చింది. సంచీలోంచి జారిన ఫోటో తనే అందుకుంది. అందులోని చేపను చూడగానే ఆమె మొహం మెత్తబడింది. "గరీబ్ మఛ్లీ హై, కాట్తీ నహీ" అంది. ఎవరినీ కరవదట, పాపమట. రెండు రాత్రుల ప్రయాణంలో నా పని గురించి సరైన మాట అన్నది ఆవిడొక్కతే.

గ్రాంట్ రోడ్ దిగాక

నర్సమ్మ అత్తమ్మ స్టేషన్ బయట నిలబడి ఉంది. నన్ను చూడగానే మొదటి మాట:

"ఒక్క చెప్పుతోని వచ్చినవేంది బిడ్డా? రెండోది ఇశాకపట్నంల్నే మర్షినవా?"

దారిలోనే కొల్హాపురి చెప్పులు కొనిపించింది. దుకాణంవాడు పద్దెనిమిది రూపాయలన్నాడు. అత్తమ్మ మరాఠీలో వాడి తాతముత్తాతల్ని పలకరించి పన్నెండుకు దింపింది. నడుస్తూ గల్లీ నంబర్లు చెప్పింది. పోయే దారి మాత్రం తనే ఎంచింది. కొన్ని గల్లీల వైపు చూడలేదు, వాటి గురించి చెడుగానూ చెప్పలేదు.

"మా గల్లి మాది, వాళ్ళ గల్లి వాళ్ళది. వాళ్ళూ ఆడివిల్లలే" అంది. తర్వాత ఒక పాత రాతి భవనం చూపించి, "మా మామోళ్ళ తాత గీ రాళ్ళు మోసిండు. గీ బొంబాయి గట్టింది కామాటోళ్ళు, మన కూలోళ్ళు, బిడ్డా, యాద్ వెట్టుకో" అంది. రైల్లో పెద్దాయన ఆ మాట విని ఉంటే బాగుండేది.

చాల్ అంటే నాలుగంతస్తుల పొడుగాటి కట్టడం, అంతస్తుకొక వరండా, వరండా పొడుగునా గదులు. గదిని ఖోలీ అంటారు. మా ఇంట్లో దేవుడి గది, సామాన్ల గది కలిపితే ఎంతో, అంత చోట్లో అత్తమ్మ, మామయ్య, ఇద్దరు కొడుకులు, మనవరాలు శోభ, ఇప్పుడు నేను. ఇరుకనిపించలేదు. ప్రతి వస్తువుకూ దాని మేకు ఉంది. భోజనానికి జొన్నరొట్టె, ఎండు బొంబిల్ చేపల పులుసు. మా తీరంలో ఎండుచేపల పులుసులో చింతపండు ఎక్కువ. ఇక్కడ వెల్లుల్లి కారం ఎక్కువ. మూడో రొట్టె వద్దన్నాను, వినలేదు. తిన్నాను, బాగుంది.

శోభ డిగ్రీ చదువుతోంది. నేను తెలుగులో అడిగితే మరాఠీలో జవాబిస్తుంది. "దానికి మన మాట సమజైతది, నోరు మాత్రం తిరుగది" అని అత్తమ్మ వెక్కిరిస్తే, "ఆజీ, బస్ కర్" అని, ఇక చాలు అవ్వా అన్నట్టు, ఆ పిల్ల మూతి ముడిచింది.

నల్లా దగ్గర లెక్క

నీళ్ళు తెల్లారి కాసేపే వస్తాయి. అంతస్తు చివరన నల్లా, దాని ముందు బిందెల వరస. మొదటి రోజు ఎందుకో సాయంత్రం కూడా నీళ్ళొస్తే వెళ్ళాను, మర్నాడు పొద్దున్నా వెళ్ళాను. అక్కడే పోశవ్వను చూశాను. డెబ్బై దాటిన మనిషి, ఒంటి మీద బిళ్ళలంత పచ్చబొట్లు. వరసలో నిలబడదు, వరసను నడిపిస్తుంది.

"ఓ ఇశాకపట్నం పిల్లా, సముద్రంల చేపల్ని లెక్కవెడ్తవట. అవి నీ లెక్క కొస్తయా, మునిగి కూసుంటయా?"

నేను ఆ నల్లాతోనే చెప్పాను. "అవ్వా, నిన్న సాయంత్రం ఇక్కడ ఇరవై మందిని చూశాను. ముఖాలు గుర్తుపెట్టుకున్నాను. ఇవాళ మళ్ళీ ఇరవై మంది వచ్చారు. అందులో పది మంది నిన్నటివాళ్ళే. అంటే నేను నిన్న చూసింది మొత్తంలో సగం. నిన్న ఇరవై కాబట్టి ఈ అంతస్తులో నీళ్ళు పట్టే ఆడవాళ్ళు సుమారు నలభై మంది."

పోశవ్వ వేళ్ళు ముడిచింది. "నలభై ఇద్దరం" అంది. మరో రెండు వేళ్ళు విప్పి, "ఇద్దరు పుట్టింటికి వొయిండ్రు" అంది. వరసంతా గొల్లుమంది. నాకు పరీక్ష పాసైనంత సంతోషమైంది.

"మరి ఇయ్యాల వచ్చినోళ్ళల్ల నిన్నటోళ్ళు ఒక్కరు గూడ లేకుంటే?" అంది శోభ, మొదటిసారి తెలుగులో.

"అప్పుడు బొంబాయి అంతా ఈ నల్లాకే వస్తోందనుకోవాలి" అన్నాను. అంటుండగానే నా నివేదిక గుర్తొచ్చింది. మా చేపల విషయంలో మేం చెబుతున్నది సరిగ్గా అదే.

గడపకు అటూ ఇటూ

నీళ్ళయ్యాక ముగ్గులు. మా వైపు వాకిట్లో ఒక పెద్ద ముగ్గు వేస్తాం. ఇక్కడ వాకిలి లేదు, మనుషులు తిరిగే వరండాయే ఉంది. గడప ముందు వేస్తే నిమిషంలో చెరిగిపోతుంది. అందుకని గడపకు అటొకటి, ఇటొకటి, గోడవారగా జేనెడు చుక్కల ముగ్గులు వేస్తారు. ఎడమ పక్కదాన్ని తిప్పి కుడి పక్కన వేయాలి. రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు ఉండాలి. కొత్త కోడళ్ళు రెండు పక్కలా ఒకే వాటంగా వేస్తే, పోశవ్వ కాలితో చెరిపేసి మళ్ళీ వేయిస్తుంది. "ఒకదాని ఎన్క ఒకటి ఉరుకుతున్నట్టున్నయి, మొకం మొకం జూస్కోవద్దా?" అంటుంది. అరవై ఏళ్ళుగా రోజూ చేస్తున్న పని.

మధ్యాహ్నం మగవాళ్ళు పనులకు పోయాక, రైల్లో కలగాపులగమైన ఫోటోలను సర్దుదామని గడప దగ్గర వెలుగులో పరిచాను. ఆడవాళ్ళు చుట్టూ చేరారు. రెండు కట్టలున్నాయి. చేప తల ఎడమ వైపుకుంటే అది ఎడమ పక్క ఫోటో, కుడి వైపుకుంటే కుడి పక్క ఫోటో. ఒకే చేపకైనా ఎడమ పక్క చుక్కలు వేరు, కుడి పక్క చుక్కలు వేరు. అందుకే మేం ఎడమ కట్టను ఎడమ కట్టతోనూ, కుడిని కుడితోనూ పోల్చాం. మూడేళ్ళూ అలాగే చేశాం.

పోశవ్వకు కట్టలతో పనిలేదు. "సుక్కలే గదా" అంటూ అన్నీ తిరగేసి, ఎడమ కట్టలోంచి ఒకటో నంబరు, కుడి కట్టలోంచి ఎనభై నాలుగులో తీసిన ఒక ఫోటో పట్టుకుంది. గడపకు అటొకటి, ఇటొకటి పెట్టింది. జోడి అంది.

"అవ్వా, అవి వేరే పక్కలు. కలవవు" అన్నాను.

"కలవక ఏడికి వోతయ్? అగో, మూడు సుక్కలు, కింద కొడవలి. ఇగో, మూడు సుక్కలు, కింద కొడవలి. అది ఇటు జూస్తుంది, ఇది అటు జూస్తుంది. ఎవ్వలేసిండ్రో గాని మంచిగేసిండ్రు."

నిజంగానే మూడు చుక్కలు, నిజంగానే కొడవలి. ఏ చేపకూ రెండు పక్కలు అద్దంలో చూసినట్టు ఉండవు. ఉన్నాయంటే ఒక ఫోటో తిరగబడింది.

"ఏమాయె బిడ్డా, మొకం గట్ల వెట్టినవ్?" అని అత్తమ్మ అడుగుతోంది. నేను సంచీలోంచి నెగటివ్‌ల కవరు తీశాను. ఎనభై నాలుగు నాటి రీలును వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. ఫిలిం అంచున నంబర్లుంటాయి. ఆ నంబర్లు సరిగ్గా చదవగలిగేలా పట్టుకుంటే బొమ్మ సరైన వైపుంటుంది. పట్టుకున్నాను. చేప తల ఎడమకుంది. నా చేతిలో కాగితం మీద కుడికుంది.

ఆ రీలు ప్రింటు చేసింది నేనే. కాలేజీ చీకటి గదిలో, చిట్టికి జ్వరమని ఇంటినుంచి కబురొచ్చిన రోజున, పని వదిలేసి పోలేక, ఉండలేక, ఫిలింను తిరగేసి పెట్టి రీలు మొత్తం ప్రింటు చేసి పరుగెత్తాను. ఆ రీలులోని ఎడమ పక్క ఫోటోలన్నీ కుడి కట్టలోకి, కుడివన్నీ ఎడమ కట్టలోకి పోయాయి. అక్కడ వాటికి జత దొరకదు. రెండేళ్ళుగా మేడం, నేను భూతద్దంతో వెతికింది తప్పు కట్టలో.

ఏడుపొచ్చింది. అత్తమ్మ గోడ మీది అద్దం తీసి, "మొకం తుడుస్కో" అని నా చేతికిచ్చింది. ఎర్ర ప్లాస్టిక్ చట్రమున్న చిన్న అద్దం, మామయ్య గడ్డం గీసుకునేది. అందులో నా ముఖం చూసుకోలేదు. ఎనభై నాలుగు నాటి ఫోటో చూశాను. అద్దంలో తల ఎడమకు తిరిగింది. పక్కన ఒకటో నంబరు. ఒకే చేప.

"ఆజీ బరోబర్ బోల్తే!" అని శోభ అరిచింది. పోశవ్వ చెప్పిందే సరైనదని.

ఆ తర్వాత జరిగినదాన్ని ఎలా రాయాలో తెలియడంలేదు. ఇంటింటినుంచీ అద్దాలొచ్చాయి. గుండ్రటివి, పగిలినవి, దువ్వెనల పెట్టె మూతకున్నవి. ఎనభై నాలుగు నాటి ఫోటోలు ఒక్కొక్కరు ఒక్కొక్కటి పట్టుకుని, అద్దంలో చూసుకుంటూ, తక్కిన రెండేళ్ళ ఫోటోల మీద వంగారు. చుక్కలు చూడగానే వాళ్ళ నోటెంట వరసలొస్తున్నాయి. "మూడు, రెండు, మూడు, అండ్ల ఒకటి తప్పింది." "గిది నా తాన ఉన్నది!" అంటే, "ఏదీ, నీ కండ్లకు అన్నీ ఒక్కతీరే కొడ్తయ్" అని ఇంకొకావిడ. దొరికిందన్న ప్రతిదాన్నీ పోశవ్వ గడపకు అటూ ఇటూ పెట్టి చూసి, సగం తోసేసింది. మిగిలినవాటిని నేను పారదర్శక కాగితం మీద చుక్క చుక్కా గీసి సరిచూశాను. పొద్దువాలేసరికి ఐదు జతలు నిలిచాయి. అందులో ఒక చేప మూడేళ్ళూ వచ్చింది; ఎనభై నాలుగులో రెండు పక్కలా ఫోటోకు దొరికింది, ఎనభై ఐదులో కుడి పక్కే దొరికింది కాబట్టి ఇన్నాళ్ళూ ముడి పడలేదు. అది ఒకటో నంబరే.

మేడంకు ట్రంకాల్ చేశాను. విషయం మొత్తం చెప్పాను.

"అంచు నంబర్లు చూశావా?"

"చూశాను మేడం."

"అయితే రేపు ముందు తప్పు చెప్పు. తర్వాత లెక్క చెప్పు. వరస మార్చకు."

అద్దంతో సమావేశం

శోభ నాతో వచ్చింది. సంచీలో మామయ్య అద్దం ఉంది. ఆయన ఆ పొద్దున గడ్డంతోనే పనికి పోయాడు.

పొడుగాటి బల్ల, చుట్టూ పదిమంది. నూనె వ్యాపారి తరఫున వచ్చినాయన మా పాత నివేదికను అప్పటికే చదివేశాడు. "ఈ అమ్మగారి కాలేజీయే రాసింది, పాత చేప ఒక్కటీ లేదని. సముద్రం నిండా ఉన్నట్టే కదా" అన్నాడు.

నేను లేచాను. "అది తప్పు. ఒక రీలు ఫోటోలు తిరగేసి ప్రింటు చేశాను. చేసింది నేనే" అన్నాను. ఒకరిద్దరు నవ్వారు. వ్యాపారి మనిషి చేతులు చాపి, "ఇంకేం నమ్మాలండీ వీళ్ళ లెక్కలు?" అన్నాడు.

"నన్ను నమ్మనక్కర్లేదు. మీరే చూడండి" అని నెగటివ్, ఫోటోలు అధ్యక్షుడి ముందు పెట్టాను. శోభ అద్దం పట్టుకుంది. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి, ఫిలిం అంచు నంబరు చదివాడు. అద్దంలో చూశాడు, ఫోటో చూశాడు, మళ్ళీ అద్దంలో చూశాడు. తర్వాత శోభ చేతిలోంచి అద్దం తనే తీసుకుని మిగతా నాలుగు జతలూ వరసగా చూశాడు. ఐదోది అయ్యాక, "ఈ జతలు ఎవరు పట్టుకున్నారు?" అని అడిగాడు.

"కామాటిపురలో ముగ్గులు వేసే ఆడవాళ్ళు సార్" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అప్పుడు నల్లా లెక్క చెప్పాను. పాతవాళ్ళు మళ్ళీ మళ్ళీ కనబడుతున్నారంటే మొత్తం మంది తక్కువన్నమాట. మన తీరానికి వచ్చేవి లెక్కలేనన్ని కావు, పేరు పెట్టి పిలవగలిగినన్ని మాత్రమే. వ్యాపారి మనిషి, "ఐదింటితో ఏం తేలుతుంది?" అన్నాడు. "తేలేదాకా చంపకూడదని తేలుతుంది" అన్నాడు అధ్యక్షుడు. వేట పడవలకు సాయం నిరాకరించినట్టు, ఫోటోల పని కొనసాగించాలన్నట్టు అక్కడే రాయించాడు. రాసిన కాగితం నేను రెండుసార్లు చదువుకున్నాను.

మెట్లు దిగుతూ శోభ నా చేయి నొక్కి, "అత్తా, గెలిచినం" అంది. తెలుగులోనే.

వడాపావ్ కొనుక్కుని వరండా అంతటికీ పంచాం. పోశవ్వ తనది నమలలేక పావ్‌ను టీలో ముంచుకుంటూ, "నేను జెప్పలే?" అని మాత్రం అంది. ఒకటో నంబరు జోడిని అడిగితే, నా దగ్గరున్న రెండో ప్రతులు ఇచ్చాను. నేను బయల్దేరే పొద్దున అవి ఆమె గడపకు అటూ ఇటూ అన్నం మెతుకులతో అంటించి ఉన్నాయి. ఒకటి అటు చూస్తోంది, ఒకటి ఇటు చూస్తోంది. "మల్లొస్తే నాకు కబురు జెయ్" అంది. చేప సంగతో, నా సంగతో అడగలేదు.

ఇంటి దగ్గర

నేను చేరేసరికి పిల్లలు నిద్రపోతున్నారు. తెల్లారి కళ్ళు తెరవగానే చిట్టి నా మెడ పట్టుకుని, వదలకుండా వేలాడింది. రవి దూరంగా నిలబడి నా కొల్హాపురి చెప్పుల వంక, తర్వాత సంచీ వంక చూశాడు. ఈసారి అడగడానికి భయపడుతున్నట్టున్నాడు. వాణ్ణి దగ్గరకు పిలిచి, ఒకటో నంబరును, దాని జోడిని మా గడపకు అటూ ఇటూ పెట్టి, చేతికి అద్దమిచ్చాను.

"మన చేపను ఎవరూ చంపలేదురా" అన్నాను. "అది ప్రతి ఏడూ వస్తూనే ఉంది. అమ్మే ఫోటో తిరగేసి పెట్టి, రాలేదని నీకు చెప్పింది."